వెలయు, విలువయు

మన విద్యార్థులు కొందరు సెలవు దినములలో ‘ఫాంటసీ ప్రీమియర్ లీగ్’ అను ఆన్‌లైన్ ఆటయందు ఫుట్‌బాల్ జట్లను కూర్చుచున్నారు. ఇది ఉచితమైనది, 2025లో పార్లమెంటు శాసనము నిషేధించిన డబ్బు పందెముల కోవలోనిది కాదు. దీనిని వ్యర్థకాలక్షేపమని త్రోసివేయుటకు మేము ఇష్టపడము. ఇందు నేర్వదగిన పాఠ మొకటి కలదు.

ఆడువానికి ఊహామాత్రమైన 10 కోట్ల పౌన్లు ఇత్తురు. ఆ సొమ్ముతో ఇంగ్లండు క్లబ్బులనుండి 15 మంది ఆటగాండ్రను కొనవలెను. ప్రసిద్ధులనే కొన్నచో మిగిలిన స్థానములకు సొమ్ము చాలదు. కొనువారు పెరిగినకొలది ఆటగాని వెలయు పెరుగును. కావున వెల పేరును బట్టియు, విలువ ఆటను బట్టియు ఉండును. 60 నిమిషములు ఆడినవానికి 2 పాయింట్లు; ప్రత్యర్థికి గోలు దక్కనీయని జట్టులోని రక్షకునకు మరి 4. ప్రతి పోటీలోను నిలకడగా ఆడు చౌక రక్షకుడు, బెంచీపై కూర్చుండు ప్రసిద్ధునికన్న మేలు. పాయింట్లను వెలతో భాగించి చూచినచో నిజము తేటపడును.

ఈ విద్యను కంప్యూటర్లు లేని కాలముననే హైదరాబాదులో ఒక బడిపంతులు ఎరిగియుండెను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌కు అభ్యాసమునకు వచ్చుటకు సొమ్ము లేకపోగా, రహీమ్ అద్దె సైకిలుకు డబ్బిచ్చెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందిన భారత జట్టులోను, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టులోను బలరామ్ ఉండెను. రెండింటికిని శిక్షకుడు రహీమే.

తెరపై ఆట తగ్గినవానిని అమ్మివేయవచ్చును. పాఠశాలలో ఏ బిడ్డను అమ్మగలము? ఇచట విలువను కనుగొనుటతో పని తీరదు, దానిని పెంచవలెను.

బెంగుళూరులో తెలుగు మాధ్యమమున చదువు పిల్లలకు లోకము కట్టు వెల తక్కువ. మన జట్టు ఎన్నికలోను బూట్లు కలవారే ముందు నిలుచుచున్నారు. ఈ నగరమువాడైన అహమ్మద్ ఖాన్ 1948 లండన్ ఒలింపిక్సులో ఉత్తకాళ్ళతోనే ఆడెను. కావున బూట్లను పాఠశాలయే సమకూర్చవలెననియు, ఒక్కనాటి పరుగును గాక నెలనాళ్ళ అభ్యాసమును చూచి జట్టును ఎన్నుకొనవలెననియు మా అభిప్రాయము.

తెరపై చౌక ఆటగానిని అంత శ్రద్ధతో వెదకు విద్యార్థులు, తమ తరగతిలో చివరి బల్లపై కూర్చున్న తోడివానిని గూడ అట్లే చూతురు గాక!