మాత్ర వేస్తే... పేకాట!
పార్కిన్సన్స్ వచ్చినవాళ్ల మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు నశిస్తుంటాయి. అందుకే చేతులు వణుకుతాయి, నడక మందగిస్తుంది. ఆ లోటు తీర్చేందుకు ప్రమిపెక్సోల్ లాంటి మాత్రలిస్తారు. అయితే డోపమైన్ పని కదలికలతోనే ఆగదు. ‘ఇంకోసారి’ అనే కోరికను రగిలించేదీ అదే! దాంతో ఈ మందులు వాడేవారిలో కొందరికి ఉన్నట్టుండి జూదం పిచ్చి పట్టుకుంటుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2005లో అలాంటి 11 మంది గురించి రాశారు. మందు తగ్గించాకో, ఆపాకో పలువురిలో ఆ పిచ్చి వదిలింది. కాబట్టి ఈ మాత్రలు వేసుకునే తాతయ్య కొత్తగా పేకాట మరిగినా, అవసరం లేనివన్నీ కొనేస్తున్నా తిట్టిపోయకండి. మాత్రలు మీ అంతట మీరు మాన్పించనూ వద్దు. సిగ్గుపడకుండా సంగతంతా డాక్టరుకు చెప్పండి.