మన ఊరి వార్త మనకెవరు చెబుతారు?

మా ఇంట్లో టీవీ పెడితే హైదరాబాద్‌లో ఏ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగిందో తెలుస్తుంది. మాంచెస్టర్‌లో మా వీధి చివర రోడ్డు ఎందుకు తవ్వారో మాత్రం తెలియదు. మనలో చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి అనుకుంటాను.

ఇదెంత పెద్ద లోటో 2024 ఆగస్టులో తెలిసొచ్చింది. జులై 29న సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారుల హత్య జరిగింది. పుకార్లు రేపిన అల్లర్లు ఆగస్టు 3న మన పికడిల్లీ దాకా వచ్చాయి. ఆ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో "అక్కడ గుమిగూడుతున్నారట", "ఇక్కడికి వస్తున్నారట" అనే మెసేజులే. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆధారం లేని ఫలితాన్ని నమ్మకూడదని నేర్పారు. కానీ పిల్లల్ని పార్కుకు పంపాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆధారం ఎక్కడ వెతకాలి?

నిజానికి ఈ ఊరికి సొంత చానల్ ఒకటి ఉండేది. 2000లో గార్డియన్ మీడియా గ్రూప్ 'చానల్ ఎం' మొదలుపెట్టింది. మాంచెస్టర్ ఈవినింగ్ న్యూస్ పత్రిక కూడా అప్పట్లో వాళ్లదే. ఊరి వార్తలు, ఫుట్‌బాల్, స్థానిక సంగీతం చూపించేవారు. మాంద్యం వచ్చి ప్రకటనలు తగ్గాక 2009, 2010లో వరుసగా ఉద్యోగాలు తీసేశారు. 2012 ఏప్రిల్‌లో చానల్‌నే మూసేశారు.

అప్పటికే అప్పటి మంత్రి జెరెమీ హంట్ ఊరూరికీ టీవీ అనే పథకం తెచ్చారు. దానికి బీబీసీ లైసెన్స్ ఫీజు నుంచి 4 కోట్ల పౌండ్ల దాకా కేటాయించారు, అంటే మనం కట్టే డబ్బే. అలా 2015లో 'దట్స్ మాంచెస్టర్' వచ్చింది. ఇప్పుడు ఆ చానల్ పెడితే ఎక్కువ సేపు కనిపించేవి పాత పాప్ పాటలు, పాత కామెడీ షోలు.

వాళ్లను తిట్టి లాభం లేదు, లెక్క అలా ఉంది. లక్షమంది చూసినా కోటిమంది చూసినా ఒక వార్తకు రిపోర్టర్, కెమెరా, ఎడిటర్ కావాల్సిందే. ఖర్చు పెద్దగా తగ్గదు, ప్రకటనల ఆదాయం మాత్రం చూసేవాళ్లను బట్టే వస్తుంది. ఆ ప్రకటనలు కూడా ఫోన్లలోకి వెళ్లిపోయాయి. అంత పెద్ద లండన్‌లోనే 'లండన్ లైవ్' 2025 జనవరిలో ఆగిపోయింది.

చిన్నప్పుడు మా తెనాలిలో కేబుల్ వాళ్ల చానల్ ఉండేది. సాయంత్రం వార్తల్లో మున్సిపాలిటీ నీళ్ల సమస్య, కింద స్క్రోలింగ్‌లో చీరల దుకాణం ప్రకటన. నవ్వుకునేవాళ్లం. కానీ రేపు నీళ్లు రావంటే ముందు అక్కడే తెలిసేది.

మరి ఇక్కడ మనమేం చేయాలి? సాయంత్రం 6 గంటలకు ఐటీవీలో గ్రెనడా రిపోర్ట్స్, 6:30కి బీబీసీ వన్‌లో నార్త్ వెస్ట్ టునైట్ వస్తాయి. అయితే ఆ అరగంటలోనే వాయవ్య ఇంగ్లండ్ అంతా సర్దాలి, మన కౌన్సిల్ వంతు వచ్చేది తక్కువే. కౌన్సిల్ సమావేశాల్లో కూర్చుని రాసే విలేకరులు ఉన్నారు. లోకల్ డెమోక్రసీ రిపోర్టింగ్ సర్వీస్ కింద వాళ్లకు డబ్బిచ్చేది బీబీసీయే. వాళ్ల వార్తలు స్థానిక పత్రికల్లో వస్తాయి. గ్రేటర్ మాంచెస్టర్ బస్సులన్నీ 2025 జనవరి 5 నాటికి ప్రజల అజమాయిషీలోకి వచ్చాయి. మన పిల్లలు రోజూ ఎక్కే బస్సులే. ఆ మార్పుపై ఏళ్లపాటు చర్చ జరిగింది. మనలో ఎంతమందిమి పట్టించుకున్నాం?

ఇంట్లో నేనొక నియమం పెట్టాను. వారంలో రెండు సాయంత్రాలు ఆరున్నరకు హైదరాబాద్ ఆగుతుంది, మాంచెస్టర్ వస్తుంది. గ్రూపులో "అట" అని మెసేజ్ వస్తే, ఎవరు చెప్పారని అడిగాకే ముందుకు పంపుతాను. ఈసారి ఊళ్లో అలజడి రేగితే, వార్త కోసం ఎక్కడ చూడాలో మా పిల్లలకైనా తెలిసి ఉండాలి.