సిలికాన్ పూస్తే సరిపోదు

మస్కట్‌లో వాన ఎప్పుడో గానీ పడదు. ఏడాది మొత్తానికి సుమారు వంద మిల్లీమీటర్లు. మన కోస్తాలో ఒక్క వాయుగుండానికే అంత పడుతుంది. అందుకే ఇక్కడ కిటికీ పెట్టేటప్పుడు ఎండ, దుమ్ము, ఏసీ చల్లదనం చూస్తారు తప్ప వాన సంగతి పట్టించుకోరు. తప్పు వాన పడిన రాత్రే బయటపడుతుంది.

రువిలో మేముండే పాత బిల్డింగుకు కొత్త అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు పెట్టినప్పుడు అందరం సంతోషించాం. మొదటి వానకే ఆ సంతోషం కాస్తా పోయింది. పై అంతస్తు నుంచి కారే చుక్కలు కిటికీ కింద బిగించిన రేకు మీద రాత్రంతా డప్పు వాయించాయి. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ బండి ఎక్కాల్సిన వాళ్లం, ఒక్కరికీ కునుకు లేదు. పైగా నీళ్లు లోపలికొచ్చి కింది మంచం పరుపు తడిసింది.

ఫిర్యాదు చేస్తే మన జగిత్యాల వైపు కుర్రాడొకడు వచ్చి, ఫ్రేము చుట్టూ సిలికాన్ పూసి వెళ్లాడు. మళ్లీ వాన పడితే నీళ్లు ఇంకా ఎక్కువొచ్చాయి. స్లైడింగ్ కిటికీ కింది పట్టాలోకి నీళ్లు రావడం సహజం. అవి బయటకు పోవడానికే ఫ్రేముకు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. కుర్రాడు వాటినీ మూసేశాడు. అందరం అతన్నే తిట్టాం. కానీ అతనికి పైవాళ్లు చెప్పిన పనే అది: ‘సిలికాన్ కొట్టి రా’.

మా అభ్యంతరం ఇక్కడే. పని నేర్పకుండా పంపేది ఒకరు, మాట పడేది మనవాడు. ఒమన్‌లో అల్యూమినియం పనిలో ఉన్న మన తమ్ముళ్లు ఈ నాలుగు సంగతులూ పట్టుకుంటే ఆ మాట పడక్కర్లేదు.

ఒకటి, కిటికీ కింది పలక, అదే సిల్, బయటికి వాలుగా ఉండాలి. పాత పలక లోపలికి వాలి ఉంటే దాన్ని సరిచేయకుండా కొత్త ఫ్రేము కూర్చోబెట్టకూడదు. రెండు, పలక గోడ దాటి కాస్త ముందుకు రావాలి, అంచు కింద సన్నటి గాడి ఉండాలి. మన ఊళ్లో మేస్త్రీలు సజ్జా కింద తీసే గాడి లాంటిదే; నీరు గోడెంట పాకకుండా అక్కడే చుక్కగా రాలిపోతుంది. మూడు, రేకు కింద ఖాళీ ఉంటేనే మోత. అడుగున తారు టేపు అంటించినా, ఖాళీని గట్టిగా నింపినా చప్పుడు బాగా తగ్గుతుంది. నాలుగు, సిలికాన్ దుమ్ము మీద అంటదు. తుడిచి, ఆరబెట్టి, గోడకీ ఫ్రేముకీ మధ్య సందులోనే పూయాలి. రంధ్రాల జోలికి వెళ్లొద్దు.

గదుల్లో ఉండే మనం చేయగలిగిందీ ఉంది. పట్టాలో పేరుకున్న దుమ్ము తుడిచి, సన్నటి తీగతో రంధ్రాలు శుభ్రం చేసి, చెంబుడు నీళ్లు పోసి చూడాలి. బయటికి పోతే మంచిదే, లోపలికొస్తే అప్పుడే క్యాంపు బాస్‌కు చెప్పాలి. అంతేగానీ పై అంతస్తు కిటికీలోంచి బయటికి వంగి రేకు సరిచేసే సాహసం వద్దు. పరుపు పోతే కొనుక్కోవచ్చు.

ఎప్పుడో పడే వానకు ఇంత గొడవెందుకంటారా? 2007 జూన్‌లో గోను, 2010లో ఫెట్, 2018లో సలాలా వైపు మెకును, 2021 అక్టోబరులో బాతినా తీరాన షాహీన్. షాహీన్ అప్పుడు కొన్నిచోట్ల 300 మిల్లీమీటర్లు దాటింది. ఇక సలాలాలో ఏటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ జల్లు ఉండనే ఉంది.

కిటికీ బిగించాక ఒక బకెట్ నీళ్లు పోసి చూడటానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఇవ్వమని ఫోర్‌మన్‌ను మనమే అడగాలి. ఇది ఎదురు చెప్పడం కాదు, పని తెలిసినవాడు అడగాల్సిన మాటే. ఆ కిటికీ అవతల పడుకునేది మనలాంటి ఇంకో కూలీయే కావచ్చు.