మన గ్రూపులో ఎవరెవరున్నారు?

గుంటూరు యార్డులో తేజా ఎంత పలికింది, 341 ఎంత, తాలు ఎంత అన్నది ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల లోపే వాట్సాప్‌లో తెలిసిపోతోంది. ఒకప్పుడు దర్శి నుంచో వినుకొండ నుంచో టిక్కీలు లారీకెత్తి, యార్డులో దింపాక గానీ ధర తెలిసేది కాదు. దించిన సరుకు మళ్లీ ఇంటికి తెచ్చుకునే కిరాయి లేక, చెప్పిన రేటుకే ఇచ్చి వచ్చేవాళ్లం. 2021లో మిరపను నల్ల తామరపురుగు చుట్టుముట్టినప్పుడు పూత విప్పి ఫోటోలు తీసి ఊరి నుంచి ఊరికి పంపుకున్నాం. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చుంటే టీవీలు చూపనిది ఫోన్లు చూపాయి. కాబట్టి ఫోను పక్కన పడేయమని నేను రాయడం లేదు. అలా చెప్పేవాళ్లు ఎప్పుడూ మిర్చి అమ్ముకుని ఉండరు.

నా గొడవ మనతోనే. నిరుడు యజమాని సంతకం పెట్టకపోవడం వల్ల కౌలు కార్డు రాని రైతుల జాబితా ఒకటి తయారు చేశాం, తహసీల్దారుకు వినతిపత్రం ఇవ్వడానికి. పేరు, సర్వే నంబరు, ఫోను నంబరు, కొందరి ఆధార్ ఫోటోలు. పని తొందరగా కావాలని మన కార్యకర్తే దాన్ని మండల గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులో భూమి యజమానులున్నారు, పురుగుమందుల కొట్టువాళ్లున్నారు, కమీషన్ కొట్టు గుమాస్తా కూడా ఉన్నాడు. సాయంత్రానికల్లా ఒక కౌలు రైతుకు ఫోను వచ్చింది: "ఏమయ్యా, నా చేను నీ పేరున రాయించుకోవాలని చూస్తున్నావంటగా?" ఈ ఏడు ఆ మూడెకరాలు అతనికి దక్కలేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని ఒప్పుకోలు లేకుండా కార్డు ఇవ్వదని తెలిసీ, ఆ యజమాని ముందే అతని పేరు మనం చదివి వినిపించాం. తప్పు ఏ కంపెనీదో కాదు, సంఘానిది.

కోల్డ్ స్టోరేజీ రసీదు ఫోటో తీసి పెట్టేవాళ్ల సంగతీ ఇంతే. ఎవరి దగ్గర ఎన్ని టిక్కీలున్నాయో, ఎవరికి బ్యాంకు నోటీసు వచ్చిందో, ఎవరింట్లో పెళ్లి ఉందో గ్రూపులో అన్నీ రాస్తాం. కొనేవాడికి ఇంకేం కావాలి? 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన రోజుల్లో ఎవరు ఎన్నాళ్లు ఆగగలరో వ్యాపారికి మనకంటే బాగా తెలుసు. వాళ్ల గోడౌన్లో ఎంత ఉందో, ఏ దేశం నుంచి ఎంత ఆర్డరుందో మాత్రం ఏ గ్రూపులోనూ రాదు.

కంపెనీని వదిలిపెట్టమని కాదు. మెసేజీలోని మాటను వాట్సాప్ చదవలేదు, నిజమే. ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారన్నది దానికి తెలుసు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని కొన్నది ధర్మానికి కాదు. 2021లో తెచ్చిన కొత్త షరతులకు ఒప్పుకుంటేనే వాడుకోమంది. ఆ బలవంతానికి మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో 213 కోట్ల జరిమానా వేసింది. ఇల్లు వాళ్లది, మనం అద్దెకున్నాం. 2020 డిసెంబరులో కిసాన్ ఏక్తా మోర్చా ఫేస్‌బుక్ పేజీ ఉన్నట్టుండి మాయమై కొన్ని గంటల తర్వాత తిరిగొచ్చింది. 2021 ఫిబ్రవరి 1న ప్రభుత్వం చెప్పగానే ట్విటర్ ఆ ఖాతాను ఆపింది. రేపు మన గ్రూపు మూతపడితే సభ్యుల ఫోను నంబర్లు కాగితం మీద ఎన్ని మండల కమిటీల దగ్గరున్నాయి?

ప్రభుత్వం మన గుట్టు కాపాడుతుందంటారా? ప్రభుత్వ వెబ్‌సైట్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బహిరంగంగా పడి ఉన్నాయని 2017లో ఒక నివేదిక బయటపెట్టింది. చూసిన నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది అదే ఏడాది ఆగస్టులో. ఆ హక్కు కోసమని 2023లో డేటా రక్షణ చట్టం చేశారు. కేంద్రం తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు అందులోనే పెట్టుకుంది. అంతటితో ఆగలేదు. అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చి, 2025 నవంబరు నుంచి అమల్లో పెట్టారు. పంట నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడిందో జాబితా అడిగితే "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపడానికి అధికారికి దారి దొరికింది. దొంగ పేర్లకు గుట్టు, నిజమైన రైతుకు ఊరంతా చాటింపు! దీని మీద మన సంఘం గట్టిగా మాట్లాడాలి.

పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ల గురించి ఎక్కువ రాయను. నొక్కితే ఖాతా ఖాళీ. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. బ్యాంకు అప్పు పుట్టని కౌలు రైతులు లోన్ యాప్‌ల జోలికి పోవద్దు. ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని బంధువులకు బూతు మెసేజీలు పెట్టి మనుషుల ప్రాణాలు తీశాయవి.

ఈ నెల మండల కమిటీల ముందు నేను పెట్టే ప్రతిపాదన ఇది. ధరలకు, పురుగు ఫోటోలకు పెద్ద గ్రూపు ఉండనివ్వండి, అందులో ఎవరున్నా ఫరవాలేదు. సంఘం పనికి వేరే గ్రూపు కావాలి, ఒక్కొక్కరినీ ముఖం తెలిసి చేర్చాలి. ఆధార్, పాస్‌బుక్కు, రసీదు ఫోటోలు ఏ గ్రూపులోనూ వద్దు. కౌలు రైతుల జాబితాలు కాగితం మీద రాసి చేతికివ్వాలి. పాత జాబితాలను అడ్మిన్లు ఈ వారంలోనే తీసేయాలి. ఫోన్లలో దిగిపోయినవి ఎలాగూ తిరిగి రావు. ఆ మూడెకరాలు పోయిన రైతు ఇంటికి మండల నాయకత్వం వెళ్లి తప్పు ఒప్పుకోవాలి, యజమానితో మాట్లాడాలి.