దొంగ చేతికి తాళాలు

దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని మనకో సామెత ఉంది. నాకు దీని మీద చాలాకాలంగా అనుమానం. ఇందులో ఉన్నవి రెండే: తాళాలు, చెయ్యి. మన గొడవంతా తాళాల గురించే. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఎక్కడ దాచాలి. అది దొంగ చెయ్యి అని ఎవరు తేల్చారు, ఎప్పుడు తేల్చారు అని మాత్రం ఎవరూ అడగరు.

రెండేళ్లుగా ఈ సామెత తరచూ నా చెవిన పడుతోంది. తాళంచెవి లేకుండా తాళాలు తియ్యడం నా హాబీ. పెద్ద సరంజామా ఏం అక్కర్లేదు. జేబులో పట్టే ఒక పౌచ్, అందులో పదీ పన్నెండు సన్నటి ఉక్కు పుల్లలు, లోపల ఏం జరుగుతోందో కనిపించేలా గాజులాంటి ప్లాస్టిక్‌తో చేసిన ఒక ప్రాక్టీస్ తాళం. ఎవరైనా ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. మా అమ్మ చూసి "ఇంజనీరింగ్ చదివించింది ఇందుకా నాయనా" అంది. ఆఫీసులో ఒకతను "అన్నా, మా ఫ్లాట్ నంబర్ మర్చిపో" అన్నాడు. సరదాకే అన్నారు, నేనూ నవ్వాను. కానీ ఆ సరదా వెనక ఒక సిద్ధాంతం ఉంది. తాళం ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు తెలియనివాడి కంటే ప్రమాదం అని. ఇది ఉత్త తప్పుడు సిద్ధాంతం. పైగా మన గడ్డ మీద దీనికి చెడ్డ చరిత్ర కూడా ఉంది.

ముందు తాళం సంగతి చూద్దాం. ఇవాళ ఫ్లాట్ల తలుపులకు ఎక్కువగా కనిపించే పిన్ టంబ్లర్ తాళం లైనస్ యేల్ జూనియర్ 1860లలో పేటెంట్ తీసుకున్న పద్ధతికి వారసురాలు. లోపల ఒక సిలిండరు, దాని మీద వరసగా అయిదారు రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో ఒకదాని మీద ఒకటి రెండు పిన్నులు, వాటి పైన ఒక స్ప్రింగు. సరైన చెవి పెడితే ప్రతి జంటా సరిగ్గా సిలిండరు అంచు దగ్గర విడిపోతుంది, సిలిండరు తిరుగుతుంది. కాగితం మీద గీసి చూస్తే దీనికి తిరుగులేదు. కానీ తాళాన్ని చేసేది లోహంతో. ఏ యంత్రమూ అయిదు రంధ్రాల్నీ అచ్చంగా ఒకే గీత మీద తొలవలేదు, వెంట్రుకవాసి తేడా ఉండి తీరుతుంది. టెన్షన్ రెంచ్‌తో సిలిండరుని కొద్దిగా తిప్పిపట్టుకుంటే, ఆ తేడా వల్ల పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు. ఏదో ఒకటి ముందు బిగుస్తుంది. దాన్ని హుక్‌తో మెల్లగా పైకి నెడితే అంచు దాటగానే టిక్కుమంటుంది, సిలిండరు రవ్వంత కదులుతుంది. తర్వాత ఇంకోటి బిగుస్తుంది. అంతే, ఇందులో మంత్రం లేదు. కొత్తవాళ్లు రెంచ్‌ని గట్టిగా నొక్కేస్తారు, అప్పుడు అన్నీ బిగుసుకుపోయి ఏదీ చెప్పదు. తేలిగ్గా పట్టుకుని వినడమే నేర్చుకోవాల్సింది. తాళంచెవి అన్న మాటలో చెవి ఊరికే లేదనిపిస్తుంది నాకప్పుడు.

ఇదంతా బయటికి చెబితే దొంగలకు నేర్పినట్టే కదా అంటారు. ఈ ప్రశ్నకి వందేళ్లు దాటి చాలాకాలమైంది. 1851లో లండన్‌లో మహా ప్రదర్శన జరిగినప్పుడు ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికన్ తాళాల మనిషి అక్కడికి వచ్చాడు. ఎవరూ తియ్యలేరని పేరుపడ్డ చబ్ డిటెక్టర్ తాళాన్ని సుమారు 25 నిమిషాల్లో తీశాడు. పికడిలీలోని బ్రామా దుకాణం కిటికీలో 1790 నుంచీ ఒక తాళం ఉండేది, తీసినవాళ్లకి 200 గినీలు ఇస్తామన్న సవాలుతో. దాన్నీ తీశాడు, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూచుని. ఇంగ్లండ్ పత్రికలు గగ్గోలు పెట్టాయి. రెండేళ్ల తర్వాత, హాబ్స్ ఇచ్చిన సమాచారంతో చార్లెస్ టామ్లిన్‌సన్ కూర్చిన తాళాల పుస్తకం దీనికి సూటిగా జవాబిచ్చింది: దొంగలకు వాళ్ల పని మనకన్నా బాగానే తెలుసు, తెలియనిది తాళం కొనుక్కునే మామూలు జనానికి మాత్రమే. 1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ రహస్యలిపి గురించి చెప్పిందీ దాదాపు ఇదే. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా ఫరవాలేనట్టుండాలి, దాచాల్సింది చెవి ఒక్కటే. మీ ఫోన్‌లో బ్యాంకు యాప్ ఇవాళ ఆ సూత్రం మీదే నడుస్తోంది.

ఇంకో సంగతి. మన దినపత్రికల జిల్లా ఎడిషన్ తిరగేయండి. "తాళం వేసిన ఇళ్లే లక్ష్యంగా" అనే శీర్షిక కింద వార్తలో తరచూ ఉండే మాట "తాళాలు పగలగొట్టి". గడియ పట్టీ కింద ఇనప రాడ్డు పెట్టి పైకి లాగేవాడికి నా హుక్కులూ ఓపికా దేనికి? ఏపీ పోలీసులు తాళం వేసిన ఇళ్ల మీద కెమెరా నిఘాకని ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే యాప్ పెట్టారంటే, తాళం కాపాడదన్న సంగతి ప్రభుత్వానికీ తెలుసన్నమాట. తాళం చేసేది కాస్త ఆలస్యం చెయ్యడమే. ఎంత ఆలస్యమో తెలుసుకునే హక్కు దాన్ని కొన్నవాడికి ఉంది.

అయినా అనుమానం మాత్రం తాళం మీదికి పోదు, మనిషి మీదికే పోతుంది. లాస్ అలమోస్‌లో అణుబాంబు పని జరుగుతున్న రోజుల్లో రిచర్డ్ ఫైన్‌మన్ సహోద్యోగుల బీరువాల తాళాలు తీసి చూపించేవాడు. డ్రాయర్ తెరిచి ఉంచితే కాంబినేషన్‌లో అంకెలు బయటపడిపోతాయని ఒక కర్నల్‌కి చేసి చూపించి, జాగ్రత్త పడమని చెప్పాడు. కర్నల్ పడిన జాగ్రత్త ఏమిటంటే, ఫైన్‌మన్ మీ గదికి వచ్చి ఉంటే కాంబినేషన్ మార్చుకోండి అని అందరికీ కబురు పెట్టడం. ఆయన జ్ఞాపకాల పుస్తకంలో ఉంది ఇది. చదివి నవ్వుకుంటాం. ఫైన్‌మన్ కాబట్టి అది నవ్వుకునే కథ అయింది.

ఇక్కడి నుంచి నవ్వుకోలేం. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. ఆ పనికి ఒక శాస్త్రం ఉంది, గురుపరంపర ఉంది, కన్నాల ఆకారాలకు పేర్లున్నాయి, అధిదేవత కుమారస్వామి. శర్విలకుడు బ్రాహ్మడు. కొలతాడు మర్చిపోయి వస్తే జంధ్యంతో గోడ కొలుస్తాడు, గడియపడ్డ తలుపులు తియ్యడానికి కూడా అది పనికొస్తుందని మురిసిపోతాడు. చివరికి ప్రేమించిన మదనిక అతనికి దక్కుతుంది. అద్భుతమైన ఘట్టం, నాకెంతో ఇష్టం. దండి అపహారవర్మ దొంగతనాలూ అంతే. కేతన తెలుగు చేసి తిక్కనకి అంకితమిచ్చిన దశకుమారచరిత్రలో వాటిని మనం విద్యగానే చదువుకుంటాం. అంటే దొంగవిద్యని కళగా చూడటం మన సాహిత్యానికి కొత్తేం కాదు. చెయ్యి ఎవరిదో చూసి ఆ గౌరవం ఇచ్చింది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 నాటి కొత్త చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఫలానా కులంలో పుడితే చాలు, దొంగ కిందే లెక్క. పేరు రిజిస్టర్‌లో రాయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. బాపట్ల దగ్గర స్టువార్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఊరికి ఒక బ్రిటిష్ అధికారి పేరు మిగిలింది, ఊళ్లోవాళ్లకి దొంగలన్న పేరు మిగిలింది. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. దాని చోట అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. ఆ ఊరి పేరు చెప్పగానే నవ్వే నవ్వు మాత్రం ఏ చట్టంతోనూ రద్దు కాలేదు. 2023లో కూడా మన సినిమాకి ఆ ఊళ్లో కనిపించిన కథ దొంగదే.

ఇప్పుడు నా పౌచ్ సంగతికొద్దాం. నా చేతిలో హుక్ ఉంటే దాని పేరు హాబీ. ఐటీ కారిడార్‌లో ఉద్యోగం, మెళ్లో ఐడీ కార్డు, నోట్లో ఇంగ్లీషు. పోలీసు ఆపినా "సర్, ఇది స్పోర్ట్" అని వివరించగలను, ఆయన వింటాడు. అదే హుక్, అదే పౌచ్, రాత్రి పదకొండుకి బస్టాండులో ఒక ఎరుకల కుర్రాడి సంచీలో దొరికితే ఆ వివరణ వినేదెవరు? ఈ తేడా మన సామెతలోని చేతిదే, తాళానిది కాదు.

అందుకని హాబీ మానెయ్యాలా? అక్కర్లేదు. తాళాలు తీసేవాళ్ల మధ్య రెండు నియమాలున్నాయి: నీది కాని తాళం అనుమతి లేకుండా ముట్టుకోకు, రోజూ వాడుకునే తాళం మీద ప్రాక్టీస్ చెయ్యకు. మంచి నియమాలు, నేను పాటిస్తాను. నా పేచీ దీన్ని ధ్యానమనీ, మైండ్‌ఫుల్‌నెస్ అనీ, స్ట్రెస్ తగ్గించే బొమ్మ అనీ ఇప్పుడే కనిపెట్టినట్టు మాట్లాడే మా జాతితోనే. ఫుట్‌పాత్ మీద గొడుగు కింద చెవుల గుత్తులు వేలాడేసుకుని కూచున్న మనిషిని చూడండి. చెవి పోయిందని పిలిస్తే, ఖాళీ చెవి తాళంలో పెట్టి తిప్పి, దాని మీద పడ్డ గీతలు వెలుగులో చూసి, ఆకురాయితో అక్కడక్కడా అరగదీసి, మళ్లీ పెట్టి చూస్తాడు. నాలుగైదు సార్లకి తాళం ఊడుతుంది. దీన్ని ఇంగ్లీషులో ఇంప్రెషనింగ్ అంటారు, విదేశాల్లో పోటీలు పెడతారు. నాకైతే రెండేళ్లయినా చేతకాలేదు. మనం అతనికి డబ్బులిచ్చి, తలుపు వేసుకుని, "వీడికి మన ఇల్లు తెలిసిపోయింది, తాళం మార్చేద్దామా" అని ఇంట్లో మాట్లాడుకుంటాం. కర్నల్‌గారు చేసిన పనే ఇది. కాకపోతే అక్కడ ఫైన్‌మన్‌కి పుస్తకం రాసే అవకాశం ఉంది.

సాహిత్యం చదివేవాళ్లం మనం. శర్విలకుడిని మెచ్చుకోవడం సులువు, ఆయన నాటకంలో ఉన్నాడు, పైగా శ్లోకాలు చెబుతాడు. ఆ గొడుగు కింద మనిషి దగ్గర ఒక గంట కూచుని, ఆ గీతల్ని ఎలా చదువుతావు, ఎవరు నేర్పారు, రోజుకెన్నిసార్లు నిన్ను దొంగలా చూస్తారు అని అడిగి తెలుగులో రాసినవాళ్లుంటే నాకు చూపించండి. లేకపోతే మీలో ఎవరైనా రాయండి. తాళాలు ఎలా పనిచేస్తాయో నేను రాస్తాను, దాంట్లో దాపరికం లేదు. ఆయన చెప్పేది నాకు తెలియదు. అది చదవకుండా ఈ సామెతని ఇంకోసారి వాడే హక్కు మనకి లేదు.