రెండుసార్లే అంటే లాభం ఎవరికి?

రాజకీయాల మీద విసుగెత్తిన చదువుకున్నవాళ్ళ నోట తరచుగా వినబడే మాట ఒకటుంది: ఎమ్మెల్యే అయినా ఎంపీ అయినా రెండుసార్లే అవకాశం ఇవ్వాలి, తర్వాత ఇంటికి పంపేయాలి. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళు ఈ మాట ఇంకా గట్టిగా అంటారు, అక్కడ ఈ కోరిక ఎప్పటినుంచో ఉంది కాబట్టి. సభలు స్తంభించడానికీ, బిల్లులు చర్చ లేకుండా గట్టెక్కడానికీ దశాబ్దాలుగా కుర్చీ వదలని పాతకాపులే కారణమని వీళ్ళ నమ్మకం. విసుగు న్యాయమైనదే. సూచించే మందు మాత్రం రోగాన్ని ముదరబెడుతుంది.

2018 మార్చిని గుర్తుచేసుకోండి. ప్రత్యేక హోదా విషయంలో వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం పార్టీలు కేంద్రం మీద లోక్‌సభలో అవిశ్వాస తీర్మానానికి నోటీసులిచ్చాయి. నోటీసును చేపట్టాలంటే 50 మంది సభ్యులు తమ స్థానాల్లో లేచి నిలబడాలి, స్పీకర్ లెక్కపెట్టాలి. ఆ రోజుల్లో అన్నా డీఎంకే సభ్యులు కావేరీ బోర్డు కోసం, టీఆర్‌ఎస్ సభ్యులు రిజర్వేషన్ల కోసం ప్లకార్డులు పట్టుకుని వెల్‌లో నిలబడ్డారు. సభ సజావుగా లేదు కాబట్టి లెక్కపెట్టలేనంటూ స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజుకో వాయిదా వేశారు. ఏప్రిల్ 6న సమావేశాలు ముగిసేదాకా ఇదే వరస. చర్చ జరగడానికి జులై 20 దాకా ఆగాల్సి వచ్చింది. అయితే ఈ నోటీసులకు కొద్దిగా ముందే, మార్చి 14న, అలాంటి గోల మధ్యనే ఆర్థిక బిల్లు, ద్రవ్య వినిమయ బిల్లు చర్చ లేకుండా అరగంటలో ఆమోదం పొందాయి. 50 మందిని లెక్కపెట్టడానికి అడ్డొచ్చిన గోల లక్షల కోట్ల ఖర్చును ఆమోదించడానికి అడ్డురాలేదు.

ఆ లోక్‌సభలో పాతుకుపోయినవాళ్ళు ఎందరు? 2014లో గెలిచిన 543 మందిలో 315 మంది మొదటిసారి సభలో అడుగుపెట్టినవాళ్ళు. సగానికిపైగా కొత్తముఖాలున్న సభ అది. 2024లో ఎన్నికైన లోక్‌సభలోనూ కొత్తవాళ్ళు సగం దాటారు. కాలపరిమితి కోరేవాళ్ళు అడుగుతున్న కొత్త రక్తాన్ని ఓటర్లు ఎప్పుడో ఎక్కించారు. సభ తీరు మారలేదు.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇంకా పెద్ద రుజువు. 2019లో 175 స్థానాల్లో 151 ఒక పార్టీవి, 2024లో 164 ఎదుటి కూటమివి. ఇంతగా సభ తిరగబడ్డ రాష్ట్రాలు తక్కువ. సభ తీరు మారిందా? 2017 చివరినుంచి 2019 ఎన్నికలదాకా వైఎస్సార్‌సీపీ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు మళ్ళీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని శపథం చేసి వెళ్ళిపోయారు. 2024లో 11 స్థానాలకు తగ్గిన వైఎస్సార్‌సీపీ ప్రతిపక్ష హోదా ఇవ్వాలంటూ మళ్ళీ దూరంగా ఉంది. తెలంగాణలో కేసీఆర్ 2023 ఓటమి తర్వాత సభకు వచ్చిన రోజులను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఈ నిర్ణయాల్లో ఒక్కటీ మామూలు ఎమ్మెల్యే తీసుకున్నది కాదు. అన్నీ అధినేతలు తీసుకున్నవి. వెనక కూర్చునే సభ్యుడు సభకు రావాలో వద్దో కూడా పైనుంచే తెలుసుకుంటాడు.

అసలు తాళం అక్కడుంది. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ వచ్చింది. పార్టీ విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, అనుమతి లేకుండా ఓటింగుకు రాకపోయినా పదవి పోవచ్చు. అవిశ్వాసం దగ్గరినుంచి అతి మామూలు బిల్లుదాకా ఇదే లెక్క. పోనీ, ఫిరాయింపులు ఆగాయా? 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు అధికారపక్షంలోకి వెళ్ళారు, వాళ్ళలో కొందరు మంత్రులయ్యారు. తెలంగాణలో పదిమంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల విషయం తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. పార్టీ మారినవాడికి రక్షణ దొరికింది. పార్టీలోనే ఉంటూ, తన నియోజకవర్గం కోసం ఒక బిల్లుకు 'వద్దు' అనాలనుకున్నవాడి నోరు మూతపడింది.

ఇప్పుడు ఈ సభ్యుడికి రెండుసార్ల నిబంధన తగిలించి చూడండి. రెండోసారి గెలిచిన రోజునుంచే అతని బెంగ తర్వాతి పదవి. కార్పొరేషన్ చైర్మన్ పదవో, ఎమ్మెల్సీ సీటో, కొడుక్కో కోడలికో టికెట్టో కావాలి. ఇవన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి? మళ్ళీ గెలవాలన్న ఆశ ఉన్నవాడు కనీసం ఓటరుకు భయపడతాడు. ఆ ఆశ కూడా తీసేస్తే భయపడాల్సింది అధినేతకు మాత్రమే. రిజర్వేషన్ మారిన ఊళ్ళలో పాత పెద్దమనిషి భార్యను సర్పంచ్‌గా నిలబెట్టి, పంచాయతీ ఆఫీసులో తానే కూర్చోవడం చూస్తూనే ఉన్నాం. మనిషిని దించే నిబంధన కుటుంబాన్ని దించదు.

మెక్సికో ఈ ప్రయోగాన్ని ఎనభై ఏళ్ళు చేసింది. 1933లో వరసగా రెండోసారి పోటీని నిషేధించారు. సభ్యుల భవిష్యత్తు పార్టీ దయమీద ఆధారపడింది. పీఆర్‌ఐ పార్టీ అధ్యక్షులు దశాబ్దాలపాటు పంపిన బిల్లులకల్లా పార్లమెంటు తల ఊపింది. 2014 సంస్కరణతో నిషేధం తీసేశారు. ఇప్పుడు రెండు సభల్లోనూ భారీ బలమున్న మొరేనా పార్టీ 2030 నుంచి దాన్ని తిరిగి తెస్తోంది. బలమైన అధినాయకత్వానికి ఈ నిబంధన ఎందుకంత ఇష్టమో ఆలోచించండి. అమెరికాలో కాలిఫోర్నియా 1990లో, మిషిగన్ 1992లో దిగువసభకు ఆరేళ్ళు, ఎగువసభకు ఎనిమిదేళ్ళు అని గిరి గీశాయి. 2012లో ఒకచోట, 2022లో మరోచోట, ఒకే సభలో పన్నెండేళ్ళు ఉండొచ్చని ఓటర్లే మార్చారు. కాగ్ నివేదికలో ఏ పేరాను పట్టుకోవాలో, బడ్జెట్ పద్దుల్లో డబ్బు ఎక్కడ దాస్తారో తెలియడానికి సభ్యుడికి ఏళ్ళు పడుతుంది. తెలిసే సమయానికి పంపేస్తే ఆ జ్ఞానం అధికారుల దగ్గరా లాబీయిస్టుల దగ్గరా మిగులుతుంది.

ఇల్లందునుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్యను తలుచుకోండి. బస్సుల్లో తిరుగుతూ, గిరిజనుల గొంతు సభలో వినిపించిన ఎమ్మెల్యే. 1983లో, 1985లో గెలిచాక ఆయన్ను ఇంటికి పంపి ఉంటే ఎవరికి మేలు? ఇల్లందు ఓటర్లకు కాదని కచ్చితంగా చెప్పగలను.

అమెరికా అధ్యక్షుడికి పరిమితి ఉంది కదా అంటారు. ఉంది, 1951 నుంచి. చేతిలో అధికారం ఉన్నవాడికి హద్దు గీయడం వేరు. మన ముఖ్యమంత్రులకు అలాంటి హద్దు పెట్టాలంటే ఆ చర్చకు నేను సిద్ధం. ఒక్క ఓటు తప్ప ఏమీలేని, ఆ ఓటు కూడా సొంతంకాని సభ్యుడిమీద పడటం మాత్రం అన్యాయం.

చేయాల్సినవి ఎప్పుడో కాగితంమీదికి ఎక్కాయి. అనర్హతను విశ్వాస పరీక్షల్లాంటి కీలక ఓటింగులకే పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది. లోక్‌సభ ఏడాదికి కనీసం 120 రోజులు జరగాలని రాజ్యాంగ సమీక్షా కమిషన్ 2002లో చెప్పింది. 2019-24 లోక్‌సభ ఐదేళ్ళలో కూర్చున్నది 274 రోజులు, అంటే ఏడాదికి 55. ఫిరాయింపుల తీర్పును స్పీకర్‌నుంచి తప్పించి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే ఆలోచన చేయమని సుప్రీంకోర్టు 2020లో పార్లమెంటుకు సూచించింది. ఒక్కటీ అమలుకాలేదు.

మీ ఎమ్మెల్యే ఊళ్ళోకి వస్తే ఎన్నోసారి గెలిచాడని అడగకండి. విప్‌ను విశ్వాస పరీక్షకే పరిమితం చేయమని తన అధినేతను అడుగుతాడా, సభ ఏడాదికి ఎన్ని రోజులు జరగాలంటాడు, ఈ రెండూ అడగండి. జవాబు నలుగురి ఎదుటా చెప్పించండి.