లెక్క యడుగుట



పాలవాని లెక్కయు, పచారికొట్టు పద్దును నెలనెల సరిచూడని గృహిణి మనలో నుండదు. పది రూపాయలు తేడా వచ్చెనా, ఆ రాత్రి కంటికి కునుకు రాదు. కాని మన పన్నుల సొమ్ముతో వీథిలో జరుగు పనికి లెక్క యేదని యడుగుటకు మాత్రము మనకు నోరు పెగలదు. మాకును నిన్నమొన్నటివఱకు పెగలలేదు.

అడిగిన స్త్రీలు మన ప్రాంతముననే కలరు. మా కావలికి పడమర, కలిగిరి దాపున నున్న దూబగుంటలో, రాత్రిబడికి పోయి అక్షరములు దిద్దుకొన్న కూలిస్త్రీలు వాచకములోని సీతమ్మ కథ చదివి, మన యూర సారాకొట్టేల యుండవలె నని యడిగిరి. దూబగుంట రోశమ్మగారి పేరు మీరందఱు విన్నదే. 1992లో మన జిల్లా స్త్రీలు సారా వేలముపాటలకు అడ్డుపడిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. పిదప వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము నిలువలేదన్నది వేఱుమాట.

రాజస్థానమున 1990లో వెలసిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు మఱియొక త్రోవ పట్టిరి. 1994 చివరనుండి ఊళ్లలో సభలు జరిపి, సర్కారు పనుల కూలిపట్టీలను అందఱి యెదుట పైకి చదివించిరి. పనికి రానివారి పేర్లే కాక చనిపోయినవారి పేర్లును అందు వినబడెను! ఆ కదలిక పెరిగి దేశమంతట ప్రాకి, 2005లో సమాచారహక్కు చట్టమైనది. అదే యేట వచ్చిన ఉపాధిహామీ చట్టము, పనుల లెక్కను గ్రామసభయే తనిఖీ చేయవలెనన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఆ తనిఖీని 2006లో మొదలిడి, 2009లో అందుకై ప్రత్యేకసంస్థనే నెలకొల్పినది.

మా కథ మిగుల చిన్నది. కార్తికపు వానలకు మా వీథి మురుగుకాలువ పొంగి ఇండ్లలోనికి నీరు వచ్చును. పూడిక తీయించితిమని ఒక కార్యాలయమువారనిరి. తీయుచుండగా చూచినవారు లేరు. మావారు దరఖాస్తు వ్రాసెదమన్నారు గాని, మేమే వ్రాసితిమి. ఏ పని, ఎంత సొమ్ము, కొలతల పుస్తకపు నకలు కావలెనని తెల్లకాగితమున తెలుగున నాలుగు పంక్తులు. పది రూపాయల రుసుము. గుమాస్తా కాగితము చూచి, "ఈ లెక్కలు మీకెందుకమ్మా? అయ్యవారిని పంపకపోయినారా?" అనెను. కారణము చెప్పనక్కఱలేదని చట్టములోనే యున్నదంటిమి. గొంతు వణకిన మాట నిజము. రసీదు మాత్రమిచ్చెను.

ముప్పది దినములలో బదులీయవలెను, ఇరువదియెనిమిదవనాడు వచ్చినది. మేము నలుగురము కుట్టుపని టేపు పట్టుకొని పోయి కాలువను కొలిచితిమి. పుస్తకమున పూడిక తీసినట్లు వ్రాసిన పొడవు మా కాలువకు లేనేలేదు!

బిల్లు చెల్లించిన పుట నకళ్లలో లేదు. అందుకు ముప్పది దినములలో పైయధికారికి అప్పీలు చేసికొనవచ్చును. అచటను కాకున్న, తొంబది దినములలో రాష్ట్ర సమాచార కమిషనునకు. ఇంతలో ఇరుగుపొరుగువారు, అయ్యవారిది సర్కారు కొలువు, బదిలీ చేయింతురేమో యని భయపెట్టిరి. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మావారు మాత్రము, "కొలత సరిగానే కొలిచినారు గదా?" అని యడిగి పత్రిక చదువుకొనసాగిరి. మఱునాడే అప్పీలు పంపితిమి.

మొన్న మా వీథి చివర పూలమ్ము నామె కాగితము తెచ్చి మా ముందఱ బెట్టినది. వయోజనుల బడిలో ఈ మధ్యనే చదువు నేర్చినది. "అయ్యోరమ్మా, నా పింఛను ఎందుకు ఆపినారో నేను గూడా అడుగుతా. మీరు చెప్పండి, నేనే రాసుకుంటా" ననెను. నాలుగు పంక్తులకు గంటసేపు పట్టినది. తెల్లకార్డు గలది గావున రుసుము లేదు. రేపు ఉదయము పూలగంప దింపి వచ్చిన పిమ్మట ఇద్దఱమును కార్యాలయమునకు పోవుచున్నాము.